సోనాలి చెప్పిన మాట

భివండీ పద్మనగర్‌లో పవర్‌లూమ్ సాంచాల షెడ్డు గోడకు ఆనుకొని ఉన్న బడి. జమున టీచర్ దవాఖాన నుంచి సీదా హెడ్మాస్టర్ కనుకయ్య గదికి వచ్చింది.

"కూసోరాదు జమునా. నిలవడి ఏం మాట్లాడుతవు?"

"కూసునేటట్టు లేదు సార్. సోనాలికి ఇంకా తెలివి రాలె."

"ఆఁ, ఆఁ. వస్తది, వస్తది. అయితే మన ఆరోగ్య వారం ఆఖరి ప్రోగ్రాం చేద్దామా, ఆపుదామా? కమిటీవాళ్లు అడుగుతున్రు. యోగా చెప్పేటాయన ఠాణే నుంచి వస్త అన్నడు, ఆయనకు గూడ..."

"సార్, పిల్ల ఐసీయూల ఉన్నదంటున్న."

"విన్న, విన్న. నేనేం రాయినా? కని ఆరోగ్య వారం పరుగు పందెంల అంత మంది ఉరికిన్రు, అందరు మంచిగనే వచ్చిన్రు. ఈమె ఒక్కతే అంజూర్ ఫాటా మలుపుల పడ్డది. పొద్దున ఏం తినకుండ వచ్చి ఉంటది. ఇంట్ల చూసుకోవాలె గద."

"తినే వచ్చింది. వాళ్లమ్మ గంగాబాయే దగ్గర కూసొని రొట్టె తినిపిచ్చి తోలిందట. డాక్టర్ ఏమన్నడో తెలుసా? గుండెల పుట్టిన కాన్నుంచి లోపం ఉన్నదట. అసలు ఉరుకనే వద్దట."

"మరి మనకెట్ల తెలుస్తది? మొన్న క్యాంపు వెట్టిపిచ్చినం. పండ్లు చూసిన్రు, కండ్లు చూసిన్రు, బరువు తూచిన్రు. గుండె చూడున్రి అని డాక్టర్లకు మనం చెప్తమా? తల్లిదండ్రులన్న చెప్పాలె, లేకుంటె పిల్లన్న చెప్పాలె."

"పిల్ల చెప్పింది సార్."

"ఎవలకు?"

"మీకు."

"నాకా? నాకెవ్వలు చెప్పలె."

"సోనాలి దోస్తు దీపాలి పక్కనే ఉన్నదట. ఇద్దరు కలిసే ఈ గదికి వచ్చిన్రట. 'సార్, దౌడితే ఛాతిల నొస్తున్నది, కండ్లు తిరిగి చక్కర్ వస్తున్నది, పందెంల నా పేరు తీసెయ్యున్రి' అన్నదట సోనాలి. ఒక్కసారి గాదు. మళ్ల చెప్పిందట."

"దీపాలి ఎంత పిల్ల? భయానికి ఏదో ఒకటి అంటది. దోస్తు పడిపోయింది గద, ఆ భయం."

"మీరు నవ్విన్రట. వీపు మీద తట్టి, 'శభాష్, ఫస్ట్ రావాలె' అన్నరట."

"గట్లన్నదా?"

"అన్నరా లేదా సార్?"

"అన్ననేమో. అందరికి అంటనే ఉంట. ఈ సాంచాల సప్పుడుల ఎవలు ఏమంటున్రో ఎవలికి వినవడ్తది చెప్పు? గోడ అవతలనే షెడ్డాయె. పొద్దుమాపు టకటక, టకటక. పిల్లలేమో నోట్ల నోట్లనే మాట్లాడ్తరు..."

"ఆ దినం లైట్ లేకుండె సార్."

"ఏంది?"

"లైట్ లేకుండె. కరెంట్ పోయి గల్లీ అంత బంద్. ఒక్క సాంచ గూడ నడువలె. అవతలి క్లాసుల పిల్లలు ఎక్కాలు చదివేది నాకు వరండా దాక సాఫ్ వినవడ్డది."

"జమునా... ఆ తలుపు దగ్గరికి వెయ్యి."

"వేసిన. చెప్పున్రి."

"ఇటు తిరుగు. నా మొకం దిక్కు చూసి మాట్లాడు."

"మీకు వినవడ్తలేదా సార్?"

"కుడి చెవు పోయి మస్తు దినాలైంది. ఎడమది దసరా సంది గట్లనే అయితున్నది. పెదవులు చూసి సగం తెలుసుకుంట. పెద్దోళ్లది తెలుస్తది. పిల్లలు తల వంచుకొని మాట్లాడ్తరు గద, వాళ్లదే తెల్వది. అందుకే నవ్వుత. నవ్వి తడితే సంబురపడి పోతరు."

"మొన్నటి క్యాంపుల టీచర్లందరికి చెవులు చూసిన దినం మీరు ఆఫీసుల పని ఉన్నదని పోయిన్రు."

"పోయిన. ఉండి ఏం చేద్దు? చెవిటోడని అందరికి తెలుస్తుండె. మా నాయిన సాంచాల కాడ చెవిటోడైండు. గల్లీ పోరగాండ్లు ఎనుక నుంచి ఆవాజ్ ఇచ్చి, ఆయన తిరుగకపోతే నవ్వుతుండిరి. నేను చదువుకున్న, నాకెందుకు వస్తది అనుకున్న. ఆ చదువు గూడ సాంచాలు నడుపుకుంటనే చదివిన గద, అది యాది మర్చిన."

"ఒక్క మాట నాకు చెప్తే అయిపోతుండె. పక్కన నిలవడి గట్టిగ చెప్పకపోతుంటినా?"

"చెప్దామనే అనుకుంటి. రేపు, రేపు అనుకుంట..."

"వాళ్ల నాయిన సిద్ధిరాములు దవాఖాన మెట్ల మీద కూసున్నడు సార్. కాల్హేర్ గోదాంల మూటలు దించెటోడు దించుతనే వచ్చిండు, అంగి మీద దుమ్ము గట్లనే ఉన్నది. 'నా బిడ్డ నాకొక్క మాటన్న చెప్పలె టీచరమ్మా' అని ఒక్కటే ఏడుస్తున్నడు. దీపాలి ఆయనకు చెప్పలె. నాకే చెప్పింది."

"అయితే... ఆయనకు ఇంకా తెల్వదు."

"తెల్వదు."

"మరి నువ్వు గనక చెప్పకపోతే..."

"సార్!"

"లేదు, లేదు. తప్పు. నోట్ల నుంచి గట్ల వచ్చింది. పా, పోదాం. నేనే చెప్త ఆయనకు. కొడితే పడ్త. పిల్ల కండ్లు తెరువంగనే మంచం పక్కన కూసుంట. అది ఏం చెప్తే అది వింట. నువ్వు గూడ ఉండు, నాకు వినవడనిది గట్టిగ చెప్పు. ఉంటవా?"

"ఉంట. ఆగున్రి, ఫోన్ వస్తున్నది... హలో. ఆఁ, సిద్ధిరాములన్నా... ఏడువకే అన్నా, ఏమైందో చెప్పు... ఎప్పుడు?... అయ్యో. అయ్యో అన్నా..."

"ఎవలు? సిద్ధిరాములేనా? ఏమంటున్నడు?"

"వస్తున్న అన్నా, ఇప్పుడే వస్తున్న..."

"గోడ దిక్కు తిరిగినవేంది? ఇటు తిరుగు జమునా. ఏమన్నడో చెప్పు."

"సోనాలి పోయింది సార్."

"ఇటు తిరుగకనే అంటివి, సగమే వినవడ్డది. పోయిందా? అప్పుడే ఇంటికి తోలిన్రా? హమ్మయ్య! జర ఆగు, గదికి తాళమేస్త, సీదా వాళ్లింటికే పోదాం."