బంగారం మోత

ఫిల్మ్‌నగర్‌లో ఓ ఫ్లాట్. ఆదివారం పొద్దున. రిటైరైన సౌండ్ రికార్డిస్టు కాశీవిశ్వనాథం, ఆయన దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు షూటింగుల్లో సౌండ్ చూసుకుంటున్న కోడలు నిహారిక.

"అది కాదు మావయ్యా, బంగారానికి ఫ్రీక్వెన్సీ ఏంటి? నాకు తెలీక అడుగుతున్నా."

"ప్రతి లోహానికీ ఒకటి ఉంటుందే అమ్మాయ్. ఇత్తడికి ఒకటి, రాగికి ఒకటి. రేడియోలో స్టేషన్ పట్టుకున్నట్టే. నీ చెవి కమ్మ ఇలా ఇవ్వు."

"కమ్మెందుకు?"

"పోయిన గొలుసూ ఈ కమ్మలూ మీ అమ్మగారు ఒకేసారి చేయించారన్నావు కదా. అంటే ఒకటే బంగారం. దీన్ని ఈ కడ్డీకి కట్టామనుకో, దీని జోడు ఎక్కడున్నా నేను చేసిన ఈ మిషన్ అటే లాగుతుంది."

"నిన్న సాయంత్రమంతా నాబ్ తిప్పుతూనే ఉన్నారు. గుయ్ గుయ్‌మనడం తప్ప ఏమీ రాలేదుగా?"

"నిన్న లిఫ్టు గొడవ. లిఫ్టు కదిలితే చాలు, మోత చెడిపోయేది. అందుకే రాత్రే కాయిల్ విప్పి మళ్ళీ చుట్టాను. పాత మైకు పెట్టెలో ఎంత నీటుగా కూర్చుందో చూడు. సరే గానీ, పనిమనిషి దేవమ్మని ఎందుకు పిలిపించావు?"

"అందరి ముందూ చూపిస్తానని మీరే అన్నారుగా. నా గొలుసు పోయినందుకు మాట పడింది ఆవిడే. ఈ బిల్డింగులో ఇప్పుడు ఒక్కరూ ఆవిణ్ణి పనికి రానివ్వట్లేదు."

"మనమేమన్నాం? మనం ఎవర్నీ ఏమీ అనలేదే!"

"మీరు వాచ్‌మన్‌తో అన్నారు."

"ఊరికే అన్నానమ్మా. కాస్త కనిపెట్టి ఉండమని, అంతే."

"లోపలికి రా దేవమ్మా, గుమ్మంలోనే ఆగిపోయావేం?"

"వద్దు మేడం, నేను గీడనే నిలబడత. లోపటికొస్తే మళ్ల నేనే తెచ్చి పెట్టిన అంటరు. కృష్ణానగర్ల మా గల్లీ మొత్తం అదే ముచ్చట. కిరాయి ఇంటామె గూడ ఖాళీ చెయ్యమంటున్నది. జర ఆ మిషన్ తోనన్న తేల్చుండ్రి సారూ."

"తేలుస్తాం, తేలుస్తాం. నిహారికా, ఫోన్ తీసి వీడియో పట్టు. ప్రభాకర్ గారికి పంపాలి."

"ఆయనెవరు?"

"ప్రొడ్యూసరమ్మా, జూబ్లీహిల్స్‌లో ఉంటారు. వాళ్ళ ఊళ్ళో పాత దొరల గడీ ఒకటి కొన్నారు. అందులో లంకెబిందెలు ఉన్నాయని ఆయన నమ్మకం. ఇలాంటి మిషన్లంటూ వచ్చినవాళ్ళందరూ ఆయన్ని ముంచారట. నిజంగా పోయిన వస్తువు ఒక్కటి పట్టి చూపించండి విశ్వనాథంగారూ, ఆ పైన మీరూ నేనూ కలిసే తవ్విద్దాం అన్నారు."

"ఎప్పుడన్నారు?"

"ఎప్పుడంటే... మొన్నెప్పుడో."

"గొలుసు పోకముందా, పోయాకా?"

"ఏంటే, పోలీసులా ఆరా తీస్తున్నావ్? పక్కకి జరుగు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటున్నా. అందరూ సైలెన్స్!"

"మావయ్యా, ఒక్క నిమిషం, మీకో మాట చెప్పాలి—"

"ష్! వస్తోంది."

"ఏం వస్తోంది?"

"మోత. సన్నగా వస్తోంది."

"వస్తోందా? నిజంగానా?"

"జీవితమంతా ఈ చెవుల మీదే బతికినవాణ్ణి, నన్నా అడుగుతున్నావ్?"

"ఆ హెడ్‌ఫోన్స్ ఒకసారి ఇవ్వండి. నేనూ వింటా."

"ఇప్పుడా? తీస్తే ట్యూనింగ్ పోతుంది."

"హెడ్‌ఫోన్స్ తీస్తే ట్యూనింగ్ ఎందుకు పోతుంది?"

"నా ఒంట్లో కరెంటు కూడా సర్క్యూట్‌లో భాగమే. అవన్నీ నీకు తెలీవులే."

"సారూ, కడ్డీలు తిరుగుతున్నయ్! మీ చేతిల కడ్డీలు తిరుగుతున్నయ్!"

"చూశావా! దేవమ్మకి కనిపించింది, నీకే కనిపించట్లేదు."

"కనిపిస్తోంది. బాల్కనీ వైపు తిరిగాయి."

"అటే పోదాం. అబ్బో, మోత పెరుగుతోంది. చెవులు చిల్లులు పడేలా ఉన్నాయి. జరుగు, జరుగు."

"వాషింగ్ మిషన్‌ని రాసుకుంటూ వెళ్ళారు. అంత ఇనుముంది, దానికేమీ మోగలేదా?"

"ఇనుము మోత రాకుండా కోసేశానమ్మా, కెపాసిటర్ మార్చింది అందుకేగా. ఇదిగో... ఇక్కడ! ఈ మందార కుండీలో! రెండు కడ్డీలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, సరిగ్గా పట్టు వీడియో."

"ఆ కుండీలో నేను వెతికాను మావయ్యా."

"పైపైన చూసుంటావ్."

"మట్టంతా పేపరు మీద గుమ్మరించి చూశాను."

"అబ్బ, తవ్వవే అమ్మాయ్! మాటలెందుకు?"

"తవ్వుండ్రి మేడం, మీకు దండం పెడత."

"తవ్వుతున్నా దేవమ్మా... ఉంది."

"ఉందా?"

"ఉంది. నా గొలుసే."

"నా తల్లీ! దొరికిందా! సారూ, నీ కాళ్లు మొక్కుత. నా ఇజ్జత్ కాపాడిండ్రు. ఇన్ని దినాలు మా పిల్లల మొకం సూడలేకపోయిన సారూ. నీ మిషన్ సల్లగుండ!"

"లే, లే, ఏడవకు. దొరికింది, అంతే చాలు. మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు నీ మెళ్ళోంచి జారుంటుంది నిహారికా. ఎవరి తప్పూ లేదు. వీడియో బాగా వచ్చిందా?"

"వచ్చింది. దేవమ్మా, ఆయన కాళ్ళు వదులు."

"ఎందుకు మేడం, పెద్దమనిషి, దేవుని లెక్క—"

"వదలమన్నాను! లేచి ఇలా నా పక్కకి రా. మావయ్యా, ఆ పెట్టె వెనక మూత తీయండి."

"ఇప్పుడెందుకే? ప్రభాకర్ గారు వచ్చినప్పుడు అన్నీ విప్పి—"

"తీయండి."

"తీస్తానమ్మా, తీస్తే ఏముంది... ఇదేంటి, బ్యాటరీ ఏదీ?"

"నా బ్యాగులో ఉంది. షూటింగ్ ప్యాకప్ అయ్యాక మైకుల్లో సెల్స్ వదిలేస్తే కారిపోయి పాడవుతాయని మీరే తిట్టి తిట్టి నేర్పారు. ఆ అలవాటుతోనే నిన్న రాత్రి మీరు కాయిల్ చుట్టి లేచాక తీసి పెట్టాను. ఇందాక అదే చెప్పబోయాను. ఈలోపే మీకు మోత వచ్చేసింది."

"నిహారికా, నువ్వు కాస్త లోపలికి రా, మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పండి, దేవమ్మ ముందే చెప్పండి. బ్యాటరీ లేకుండా మీ చెవిలో ఏం మోగింది మావయ్యా?"