కొల్లేటి గట్లు

ఢిల్లీ కరోల్ బాగ్ గదిలో సీనియర్ మంచమ్మీద కాళ్లు బార్లా చాపుకుని, సివిల్స్ ఇంటర్వ్యూకి వెళ్లబోయే జూనియర్‌ని ప్రశ్నలడుగుతున్నాడు. వాడి లంక యాస వింటేనే అతనికి చులకన.

"మీ కొల్లేరు గురించి చెప్పు."

"కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లమండీ. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు గుండా నీళ్లు సముద్రంలోకి పోవాలి. ఇప్పుడు సరిగా పోవట్లేదండీ."

"అదేం జవాబురా?"

"కొల్లేట్లోనే చేపల చెరువులు తవ్వి గట్లేశారండీ. గట్టిగా వానొస్తే నీళ్లు మా ఇళ్లలోకొస్తన్నాయి."

"బోర్డు ముందు ఈ ఏడుపు ఏడిస్తే లేచి పొమ్మంటారు. గట్లేసిన వెధవలెవరో వాళ్లకెందుకు?"

"మీ నాన్నగారేనండీ. మా ఊరి పక్క చెరువులన్నీ ఆయనవే."

సీనియర్ కాళ్లు ముడుచుకున్నాడు.

"ఠీక్ హై," అన్నాడు కిటికీ వైపు చూస్తూ. "పక్షుల గురించి చెప్పు."