మిలిటరీ చక్రాలూ, మద్దిలేటిగారి చేతులూ

ముందుగా ఒక మనవి. అక్షరాలు నాకు నలభై దాటాక, రాత్రి బడిలో వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట సరిగా వినవు. ఈ వీడ్కోలు సంచికకు వ్యాసం రాయమని పెద్దలు ఎండాకాలంలో అడిగితే, ఇప్పటికి గానీ ముగించలేకపోయాను. తప్పులనూ ఆలస్యాన్నీ మన్నించవలసిందిగా ప్రార్థన.

శ్రీ మద్దిలేటిగారు 1927వ సంవత్సరం జూన్ తొమ్మిదవ తేదీన కర్నూలులోని మన మోటారు షెడ్డులో లారీ క్లీనరుగా కొలువులో చేరారు. రోడ్లకు కంకర తోలే లారీ అది. పగలంతా కంకర దుమ్ము కొట్టుకుని, పొద్దుగూకినాక తుంగభద్రలో మునిగితే తప్ప మనిషి ఏ రంగో తెలిసేది కాదని వారే చెబుతుంటారు. కొన్నేళ్ళకు స్టీరింగు చేతికి వచ్చింది. కరువు పనుల కాలంలో నందికొట్కూరు దారిలోనూ, డోను దారిలోనూ, బద్వేలు దాకానూ ఆ లారీని నడిపారు. యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువైతే, బండి వెనక బొగ్గుల పొయ్యి కట్టుకుని, దిగి దిగి ఊదుకుంటూ, కళ్ళు మండుతున్నా గమ్యం చేరకుండా బండి ఆపలేదు. ఆ పొగ వారి గొంతులో ఇప్పటికీ ఉన్నది. ఆ తరువాత ఇంజనీరుగారి కారుకు డ్రైవరుగా నియమితులయ్యారు.

1953లో కర్నూలు రాజధాని అయింది. డేరాలు లేచాయి, ఆఫీసులు వచ్చాయి. అధికారులు పెరిగినంతగా బండ్లు పెరగలేదు. ఉన్న ఒక్క కారు తెల్లవారక ముందే బయలుదేరి, లోకమంతా పడుకున్నాక షెడ్డుకు చేరేది. అది అలసిపోయిందని అందరూ అన్నారు. దాన్ని నడిపే మనిషి కూడా అలసిపోయి ఉంటాడని ఎవరికీ తోచలేదు.

ఆ మరుసటి ఏడాది జరిగిన ఒక సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు.

గుంతల్లో పడి పడి కారు చక్రాల అంచులు వంగిపోయాయి. మద్రాసు నుంచి రావలసిన కొత్తవి రాలేదు. బళ్ళారిలో మిలిటరీ సామాను వేలం వేస్తున్నారని విని, ఇంజనీరుగారు అక్కడి నుంచి నాలుగు చక్రాలు తెప్పించారు. బోల్టుల కొలతలు సరిపోయాయి. అవి షెడ్డుకు చేరిన రోజు ఆయుధ పూజ.

మన షెడ్డులో ఒక ఆచారం ఉన్నది. కొత్త చక్రం ఎక్కించే ముందు, అది ఆనుకుని బిగిసే ఇనుప పళ్ళేనికి, అంటే హబ్బుకు, వేలితో పసుపు కుంకుమ పెడతారు. మద్దిలేటిగారికి ఈసారి అది చాలదనిపించింది.

"యుద్ధంలో తిరిగొచ్చినాయి ఇవి. యాడ యాడ ఏమేం తొక్కినాయో ఎవురికి తెలుసు? ఉత్త బొట్టుతో పోయే మైల కాదిది," అన్నారు.

దిష్టి తీసేటప్పుడు కలిపినట్టుగా పసుపులో సున్నం కలిపి, ఎర్రటి ముద్ద చేసి, ముందు హబ్బులు రెండింటికీ చేతి నిండా మెత్తారు. వెనకవాటికి వచ్చేసరికి ముద్ద అయిపోయింది. వాటికి వేలితో బొట్టు పెట్టి ఊరుకున్నారు. చక్రాలెక్కాయి. మరలు బిగిశాయి. టెంకాయ కొట్టారు.

మరునాటి నుంచి కారుకు వణుకు పట్టుకుంది. నెమ్మదిగా పోయినంతసేపు ఏమీ లేదు. వేగం అందుకోగానే స్టీరింగు చలిజ్వరం వచ్చిన మనిషిలా గజగజలాడేది. వెనక కూర్చున్న ఇంజనీరుగారి కళ్ళజోడు ముక్కు మీద నిలిచేది కాదు.

టైర్లలో గాలి చూశారు. మరలు మళ్ళీ బిగించారు. స్టీరింగు కీళ్ళు విప్పి, గ్రీసు పెట్టి, తిరిగి అమర్చారు. వణుకు పోలేదు. ఆఖరుకు ఫిట్టరు ఏసేపు ముందు చక్రాలను వెనక్కూ, వెనక చక్రాలను ముందుకూ మార్చాడు. చక్రాలు మారాయి గానీ వణుకు ముందే ఉండిపోయింది.

ఇంజనీరుగారు చెడ్డవారు కారు. కానీ ఆయనా అలసి ఉన్నారు. "చక్రాలు మార్చినా వణుకు అక్కడే ఉందంటే, లోపం చక్రాల్లో లేదు మద్దిలేటీ. నీ చేతుల్లో ఉంది. వయసు యాభై దాటింది. ఇక గేటు దగ్గర కూర్చో. కారుకు వేరే మనిషిని చూస్తాను. సోమవారం నుంచి," అన్నారు.

మద్దిలేటిగారు నడిచి ఇంటికి పోయారు. అరుగు మీద కూర్చుని రెండు చేతులూ చాపి చూసుకున్నారు. చూసేకొద్దీ వణుకుతున్నట్టే అనిపించింది. ఇన్నేళ్ళు తనను మోసిన చేతులను తానే నమ్మలేకపోయారు.

భార్య నాగక్క చూసి, "ఏమబ్బా, చేతులు ఎండబెట్టుకుంటాండావా?" అంది.

"వణుకుతాండాయంట. గేటు కాడ కూచోమన్నాడు దొర."

"నీ చేతులు వణికేదే నిజమైతే, సంగటి ముద్ద నోట్లోకి గాక చెవులోకి పోయిండాల ఈ పాటికి." ఇంట్లోకి పోయి చెంబు అంచుదాకా నీళ్ళు పోసి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "పట్టుకో. నేను ఆ గోడ కాడికి పోయొచ్చేదాకా పట్టుకో."

పోయివచ్చింది. చుక్క పడలేదు.

"దొరకు చూపియ్యి ఈ చెంబు."

"చెంబు చూపిస్తే నగుతాడే. బండే చెప్పాల."

మరునాడు ఆదివారం. షెడ్డులో ఏసేపు తప్ప ఎవరూ లేరు. మద్దిలేటిగారు కారు ముందు భాగాన్ని జాకీ మీద లేపారు. చక్రం అంచుకు వెంట్రుకవాసి దూరంలో సుద్దముక్క కదలకుండా నిలబెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పి వదిలారు. చక్రం తిరిగి ఆగింది. అంచుకు ఒక పక్కనే సుద్ద గీత పడింది. రెండో పక్క శుభ్రంగా ఉంది.

"ఏసేపూ, చక్రం తిరిగేటప్పుడు నేను స్టీరింగు పట్టుకుంటినా?"

"యాడ పట్టుకుంటివన్నా? నా పక్కనే కూచోనుండావు."

"మరి ఇది ఎవురి వణుకు?"

ఏసేపు పానా అందుకున్నాడు. మరలు విప్పి చక్రం దించాడు. హబ్బు మీద పసుపూ సున్నమూ కలిసిన ముద్ద ఎండి, రాయిలా గట్టిపడి ఉంది. మొదట బిగించిన పైమరల దగ్గర నలిగి పలచబడింది. కింద పక్క మాత్రం మందంగా, తునకలు లేచి నిలిచి ఉంది. దాని మీద ఏ చక్రం పెట్టినా వంకరగానే కూర్చుంటుంది.

"చక్రాలు మార్చినపుడు నువ్వు ఇది చూడ్లేదా?"

"చూస్తినన్నా. నాకప్పుడే అనుమానం."

"చెప్పకపోతివేరా!"

"మీ దేవుని బొట్టు అది. నేను పోయి గీకితే ఏం బాగుంటాది? మీరే గీకుతారులే అనుకుంటి."

"మేం గీకుతామా? దేవుని బొట్టని మేమూ ముట్టుకోకపోతిమి."

నవ్వే ఓపిక ఇద్దరికీ లేదు. తరువాత మద్దిలేటిగారు ఉలి తీసుకుని, హబ్బుకు ఒకసారి దండం పెట్టి, తాను మెత్తినదాన్ని తానే గీకారు. ఇనుము మెరిసేదాకా గీకి, కిరసనాయిలుతో తుడిచారు. రెండో పక్కా అంతే. చక్రం ఎక్కించి, మరలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, మళ్ళీ తిప్పారు. సుద్ద ఎక్కడా అంటలేదు.

"చక్రాల తప్పేనని చెప్పు దొరతో. మిలిటరీ సరుకు, నమ్ముతాడు," అన్నాడు ఏసేపు.

మద్దిలేటిగారు ఆ మాట విన్నారు, కాదనలేదు. కానీ సోమవారం పొద్దున ఇంజనీరుగారి ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పారు. సున్నం కలిపింది తానేనని, ఎక్కువగా మెత్తింది తానేనని చెప్పారు.

"అయితే చేతులు వణకలేదన్నమాట," అన్నారు ఇంజనీరుగారు.

"లేదు సామీ. ఆ చేతులు చేసిన పనే బండిని వణికించింది. గేటు కాడికి పొమ్మంటే ఇప్పుడు పోతా. దానికి కారణముండాది."

ఇంజనీరుగారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నంద్యాలకు పోవాలి. బండి తియ్యి," అన్నారు.

ఎండ ముదిరింది. నల్లరేగడి చేల మధ్య కారు వేగం అందుకుంది. వణుకు మొదలయ్యే వేగం వచ్చింది, దాటిపోయింది. వెనక నుంచి ఏ మాటా వినపడకపోతే మద్దిలేటిగారు అద్దంలో చూశారు. ఓర్వకల్లు రాకముందే ఇంజనీరుగారు తల వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నారు. నంద్యాల దాకా మద్దిలేటిగారు హారను కొట్టలేదు.

1956లో రాజధాని తరలిపోయింది. ఇంజనీరుగారు బదిలీ అయ్యారు, డేరాలు లేచిపోయాయి, బండ్లు చాలా మటుకు పోయాయి. మద్దిలేటిగారూ, ఆ కారూ మిగిలారు. ఆ తరువాత షెడ్డులో చేరిన డ్రైవర్లకు వారు నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: బొట్టు బండి నుదుటికి పెట్టండి, ఇనుము ఇనుమును ఆనుకునే చోట మాత్రం ఏమీ పెట్టకండి. ఈ మాట చెప్పేటప్పుడు, దాన్ని తాను ఎలా తెలుసుకున్నదీ దాచకుండా చెప్పేవారు. షెడ్డులో నీళ్ళు పోసి, ఊడ్చే పనిలో ఉన్న నేను ఆ కథను ఎన్నిసార్లో విన్నాను. ఒక్కసారైనా తన తప్పును తగ్గించి చెప్పగా వినలేదు.

ముప్పై ఏళ్ళకు పైబడిన సేవ అనంతరం, ఈ 1958వ సంవత్సరంలో శ్రీ మద్దిలేటిగారు పదవీ విరమణ చేస్తున్నారు. వారు అలసిన మాట నిజం. ఆ అలసట దాచుకోవలసినది కాదు, మన రోడ్లన్నీ కలిసి వారికిచ్చిన బిరుదు. ఇక తెల్లవారుజామున ఎవరూ తలుపు తట్టకుండా, పొద్దెక్కిందాకా పడుకునే భాగ్యం వారికి కలగాలి. గొంతులోని ఆ పాత పొగ నెమ్మదించాలి. నాగక్కగారి పక్కన, కడుపునిండా తిండితో, కంటినిండా నిద్రతో, పూర్ణారోగ్యంతో మనవల పెళ్ళిళ్ళు చూసేదాకా బతకాలి. ఒకనాడు చేతులు వణుకుతున్నాయని దింపబోయిన సీటు నుంచి, ఎవరూ దిగమనకుండానే, ఈనాడు బండి ఆపి, తలుపు తీసి, తానే దిగుతున్నారు.

ఇట్లు,
హులిగెమ్మ,
వయసు యాభై రెండు,
ప్రస్తుత నివాసం కొత్తపేట, కర్నూలు.