గడ్డ కనబడకపోతే కోత ఎందుకు?

సభకు పెద్దగా కూర్చున్న, ఈ ఆసుపత్రిని నడిపే వెంకటప్ప గారికి, ఈ వీడ్కోలు సభలో మా అందరి పొగడ్తలూ ఓపికగా భరిస్తున్న డాక్టర్ మల్లీశ్వరి గారికి, రేపటి నుంచి ఆమె గదిలో కూర్చోబోయే డాక్టర్ జాయ్ గారికి, నర్సులకు, సిబ్బందికి, ఈ ఎండలో బస్సులు మారి వచ్చిన పాత రోగులకూ వాళ్ల ఇంటివాళ్లకూ నమస్కారం. నా పేరు ఐజాక్. ఈ జిల్లాలో చాలా ఏళ్లుగా విలేకరిని. వానలు, పంటలు, ఎండిన బోర్లు నా వార్తలు. వైద్యం నా పని కాదు. నన్నెందుకు మాట్లాడమన్నారో వెంకటప్ప గారికే తెలియాలి. డాక్టర్లు మాట్లాడితే ఎవరికీ అర్థం కాదని భయపడి ఉంటారు. (నవ్వులు)

పొగడటం నాకు చేతకాదు. జరిగిన ఒక సంగతి చెబుతాను. అది బెళుగుప్ప తిప్పమ్మ సంగతి. ఆమె అదిగో, రెండో వరుసలో కూర్చుంది. నిన్న పరీక్షకు వచ్చి, అంతా బాగుందని విని, "ఈయమ్మ పోతే నేనింక ఈ ఆసుపత్రికి రాను" అని చెప్పి వెళ్లింది. రోజూ ఒక మాత్ర వేసుకోవాల్సిన మనిషి, ఇంకా కొన్నేళ్లు చూపించుకోవాల్సిన మనిషి. అందుకే ఇవాళ ఆమె సంగతే ఎంచుకున్నాను. చెప్పుకోమని అనుమతి ఇచ్చింది. ఇచ్చినావా లేదా తిప్పమ్మా?

("చెప్పు. జరిగింది జరిగినట్టు చెప్పు, పేపర్లో రాసినట్టు చెప్పొద్దు." నవ్వులు)

సరే. కొన్నేళ్ల కిందట నేను ఒక కథనం కోసం ఇక్కడికి వచ్చాను. క్యాన్సర్‌కు మందు ఎక్కిస్తారు, ఆపరేషన్ చేస్తారు, మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటామే, ఆ రేడియేషన్ ఇస్తారు. ఒకే మనిషికి మూడూ ఎందుకు, వీటిలో నిజంగా పనిచేసేది ఏదో తేలిస్తే మిగతా రెండు బాధలూ తప్పుతాయి కదా అని అడిగాను. గట్టి ప్రశ్నే వేశాననుకున్నాను. మల్లీశ్వరి డాక్టరమ్మ రాస్తున్నదాని మీంచి తల ఎత్తకుండా, "నాకూ అదే తెలుసుకోవాలని ఉంది, కూర్చోండి" అన్నారు.

కూర్చున్నాను. ఆవిడ చెప్పింది ఇది. కత్తి గడ్డను తీస్తుంది, ఒంట్లో ఎక్కడికో జారిపోయిన కణాన్ని అందుకోలేదు. మందు ఒళ్లంతా తిరుగుతుంది, కానీ దానికి లొంగని కణాలు కొన్ని ఉంటాయి. కరెంటు పెట్టిన చోటే పనిచేస్తుంది. ఒకదాన్ని తప్పించుకున్నది ఇంకోదానికి దొరకాలని కలుపుతారు. అయితే కలిపినప్పుడు మేలుతో పాటు బాధలు కూడా కలుస్తాయి. ఒకరికి మూడూ కావాలి, ఇంకొకరికి ఒకటే చాలు. ఎవరికి ఎన్ని, ఏది ముందు అన్నది ఇంకా చదువుతూనే ఉన్నామన్నారు. నేను అవన్నీ రాసుకున్నాను. రాసుకుంటుంటే మా నాయన గుర్తొచ్చినాడు. ఆయన గొంతుకు జబ్బు చేసిన కాలంలో మాకు దొరికింది ఒక్క వైద్యమే. ఏది ముందు, ఏది వెనక అని అడిగే అవకాశం కూడా లేదు. అది వేరే సంగతి.

ఆ రోజుల్లోనే తిప్పమ్మకు రొమ్ములో గడ్డ. ముందు మందు ఎక్కించి గడ్డను కుదించి, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత కరెంటు అని అనుకున్నారు. మందు పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే, కొన్నిసార్లు ఎక్కించేసరికి చేతికి గడ్డ తగల్లేదు. తిప్పమ్మ సంచీ సర్దుకుని ఊరికి పోయింది. ఆపరేషన్ తేదీ దగ్గరపడింది, ఆమె రాలేదు. ఆమె భర్త లింగప్ప ఫోను ఎత్తలేదు. డాక్టరమ్మ ఆసుపత్రి జీపులో బెళుగుప్పకు బయలుదేరారు. ఏం జరుగుతుందో చూద్దామని నేనూ ఎక్కాను.

శెనిక్కాయ చెట్లు, అదే వేరుశనగ, పీకే రోజులవి. ఇద్దరూ చేలోనే ఉన్నారు. లింగప్ప మమ్మల్ని చూసి గట్టు మీదికి వచ్చినాడు. "గడ్డే లేదు, ఇంక దేన్ని కోస్తావమ్మా?" అన్నాడు. నా నోరు ఊరుకోలేదు. ఆ చేలో శెనిక్కాయ సాళ్ల మధ్య కంది సాళ్లు కనబడ్డాయి. జిల్లా అంతా వేసేదే కదా. చూడు తిప్పమ్మా, మీరు కూడా ఒక్క పంటే వెయ్యలేదు, శెనిక్కాయకు కందిని తోడు వేసినారు, వైద్యం కూడా అట్లాంటిదే అన్నాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

ఆమె పీకిన చెట్టును దులుపుతూ, "ఏమప్పా పేపరాయనా, నువ్వు ఎప్పుడన్నా సేద్యం చేసినావా? తోడని ఎవురు వేస్తారు? వాన మోసం చేసి శెనిక్కాయ పోతే కందన్నా చేతికొస్తాదని వేస్తాం. ఈసారి శెనిక్కాయ పండింది. కంది ఎండితే ఎండనీ, జీవాలను తోలి మేపుకుంటాం. నాకు మందు పండింది. ఇంక కోత ఎందుకు?" అంది.

నేను ఇచ్చిన ఉపమానం ఆమెకే పనికొచ్చింది. (నవ్వులు) మెట్ట చేనుకు ఆ లెక్కలో తప్పేమీ లేదు. మొదటిది చేతికొస్తే రెండోది వదిలేసినా ఇల్లు గడుస్తుంది. ఆ లెక్కనే ఆమె తన ఒంటికి వేసుకుంది. ఈ నేల మీద పుట్టినవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఈ పొరపాటు ఇంత సులువుగా రాదు.

డాక్టరమ్మ నన్ను పక్కకు జరగమని గట్టు మీద కూర్చున్నారు. తిప్పమ్మ సూటిగా అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. ఉండాదా, లేదా?"

"నాకు తెలీదు."

లింగప్ప నవ్వినాడు. "ఇంత దూరం వచ్చి తెలీదంటావేమమ్మా?"

"చేతికి తగలనంత మాత్రాన లేదని కాదు లింగప్పా. స్కానులోనూ కనబడనంత చిన్నది ఉండొచ్చు. తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. ఏమీ లేకపోతే మందు పూర్తిగా పనిచేసిందని అర్థం. కొంచెం మిగిలితే, దేనికి లొంగలేదో చూసి తర్వాతి మందు మారుస్తాను. తీయకుండా వదిలేస్తే నీకూ తెలీదు, నాకూ తెలీదు. అది పెరిగి బయటపడినప్పుడే తెలుస్తుంది."

తిప్పమ్మ చేతిలోని చెట్టును కుప్ప మీద వేసింది. తర్వాత, "నీకే వచ్చింటే కోయించుకుంటావా?" అంది.

"భయపడతాను. కోయించుకుంటాను."

ఆమె మొగుడి వైపు తిరిగి, "ఈ సాలు నువ్వు పీకు. నేను పోతాండా" అంది. చీరకు అంటిన మట్టితోనే జీపెక్కింది.

ఆపరేషన్ అయ్యాక పరీక్షలో కాసింత మిగిలే ఉందని తేలింది. దాన్ని చూసి మందు మార్చారు. తర్వాత కరెంటు పెట్టారు. మూడింటిలో ఏది కాపాడిందని నేను మళ్లీ అడిగాను. "ఈమె విషయంలో విడదీసి చెప్పలేను. కోసి చూడకపోతే మందు మార్చేదాన్ని కాదని మాత్రం చెప్పగలను" అన్నారు. మూడు వైద్యాలంటే మూడు దెబ్బలు అని నేను అనుకున్నాను. ఒకటి చేశాక ఏం జరిగిందో చూసి రెండోదాన్ని ఎంచుకోవడం కూడా అందులో ఉందని అప్పటికి గానీ నాకు ఎక్కలేదు.

మల్లీశ్వరి గారూ, మీరు వెళ్తున్నారంటే నాకు దిగులుగానే ఉంది. కలెక్టర్లను, మంత్రులను, శాస్త్రవేత్తలను ప్రశ్నలడిగాను. తెలీదని చెప్పి, తెలుసుకునే దారి కూడా చెప్పినవాళ్లు తక్కువ. ఇకపై అడగాలనిపిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో నాకు తెలియడం లేదు.

("ఫోను పోతే పోనీలేప్పా, ఇంక నన్నెవురు చూస్తారో చెప్పు!" అని తిప్పమ్మ. నవ్వులు)

నీ సంగతి నేనెట్లా చెప్పేది తిప్పమ్మా? వైద్యం ఒకరి చేతిలో మొదలై ఇంకొకరి చేతిలోకి పోతుంది. నీ మందు ఒకరు, నీ కోత ఒకరు, నీ కరెంటు ఇంకొకరు చూసినారు. ఇప్పుడు మందు చూసే మనిషి మారుతున్నారు. డాక్టర్ జాయ్ అదిగో వేదిక మీదే ఉన్నారు. ఏమడగాలో ఆయన్నే అడుగు.

(తిప్పమ్మ లేచి నిలబడింది. "ఏమప్పా జాయ్ డాక్టరూ, నా మాత్ర నువ్వేమన్నా మారుస్తావా?"

డాక్టర్ జాయ్: "ముందు నీ పాత రిపోర్టులన్నీ చదవాలమ్మా. చదవకుండా చెప్పలేను. వచ్చే గురువారం వస్తావా?"

తిప్పమ్మ: "గురువారం మా కాడ సంత. శుక్రవారం పెట్టు, వస్తా." చప్పట్లు)

వెంకటప్ప గారూ, విన్నారు కదా, శుక్రవారం. నన్ను మాట్లాడనిచ్చిన మీకు, మధ్యలో మాట్లాడి నా పని తేలిక చేసిన తిప్పమ్మకు, ఇన్నేళ్లు నా ప్రశ్నలకు విసుక్కోని మల్లీశ్వరి గారికి కృతజ్ఞతలు. సెలవు.