నెస్టా కోలీ స్ట్రాబెర్రీ జామ్

ఎవరూ, విన్నీ హార్టాపా? నువ్వు అద్దెకు దిగిన ఇల్లు ఆవిడదేనమ్మాయ్, ఎవరూ చెప్పలేదూ? చెప్పరులే. మా థ్రెస్టన్ జనం వానొచ్చేలా ఉందన్న సంగతి తప్ప ఇంకేదీ మొహం మీద చెప్పరు. కూర్చో, టీ పోస్తాను. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఊళ్ళో సంగతులు కూపీ లాగడమే ఆవిడ పని. ప్లీడరు క్రెస్‌వెల్ మెట్ల మీంచి జారి చచ్చిపోయాడని పోలీసులు తేల్చేసి టోపీలు పెట్టుకుంటుంటే, "మరి ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని దిగాడా అండీ?" అందిట. తోసింది ఆ ప్లీడరు మేనల్లుడేనని తేలి, వాడు జైలుకెళ్ళాడు. అప్పట్నుంచీ ఇన్‌స్పెక్టరు గారు ఈవిడింట్లో టీ తాగందే ఏ కేసూ మూసేవాడు కాదు. ఆయన తెలివంతా ఆవిడ కేకుల్లో ఉందనేవాడు మా ఆయన. మా ఆయన తెలివి ఎక్కడుండేదో ఆయనా చెప్పలేదు, నేనూ వెతకలేదు.

ఏం చెబుతున్నానూ... ఆ, జామ్. విన్నీకి ప్రాణస్నేహితురాలు ఒక్కతే, పక్కింటి నెస్టా కోలీ. వీధి చుట్టూ తిరగడం దేనికని కంచెలో సందు చేసుకుని మరీ రాకపోకలు. ఏటా వేసవిలో డేరా వేసి పళ్ళూ కూరలూ జామ్‌లూ పోటీ పెడతాం కదా, స్ట్రాబెర్రీ జామ్‌కిచ్చే బహుమతి కప్పు ఎప్పుడూ నెస్టాదే. పోను పోను కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు వంకర్లు పోయాయి. చేతులకి ఎప్పుడూ ఉన్ని తొడుగులే. చలి అనేది, నడివేసవిలో. గరిటే పట్టలేని మనిషి జామ్ ఏం కాస్తుంది? పొరుగూరి కొట్లో కొని, తన సీసాల్లోకి మార్చి తెచ్చేది. ఊరందరికీ తెలుసు. ఏటా తీర్పు చెప్పే పాదిరి డిమ్మక్‌గారికీ తెలుసు. రుచి చూసి, "ఈసారి మరీ బాగుందమ్మా" అనేవాడు. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. కప్పు కోసం ఏడాదంతా ఎదురుచూసే మనిషి, ఎవరికి నోరొస్తుంది?

ఆ ఏడు తీర్పుకి బయటి ఊరి మహాతల్లి ఒకావిడ వచ్చింది. "వీటిలో ఏదో కొట్టుసరుకు కలిసినట్టుంది" అంది. పాదిరి నోరు తెరిచేలోగా, "నేను చూస్తానుండండి" అని విన్నీ ముందుకొచ్చేసింది. తీర్పయ్యేదాకా సీసాల మీద పేర్లుండవు. మడిచిన చీటీ కింద ఉంటుంది. ఒక్కో సీసా వెలుతురుకెత్తి చూసి, "ఇంట్లో కాస్తే పళ్ళు కాస్తయినా పైకి తేలతాయి. ఇందులో చూడండి, సిపాయిల్లా ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు" అంది నవ్వుతూ. అదెవరిదో మాకందరికీ తెలుసు. ఎవరైనా చెయ్యి పట్టుకుని పక్కకి లాగితే సరిపోయేది. పాదిరి గుమ్మడికాయల వంక చూశాడు. మా ఆయన బూట్లు చూసుకున్నాడు. నేను వానొచ్చేలా ఉందన్నాను.

చీటీ విప్పి పైకి చదివేసింది. చదివాక కూడా ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. నెస్టా చేతులు కోటు జేబుల్లోంచి తియ్యలేదు. "కనిపెట్టేశావు విన్నీ, ఎప్పట్లాగే" అని డేరాలోంచి వెళ్ళిపోయింది. చలికాలం రాకుండానే సముద్రం ఒడ్డున చెల్లెలింటికి మకాం మార్చేసింది. మళ్ళీ రాలేదు. పోయిందన్న కబురే వచ్చింది.

విన్నీ ఇంక దేని జోలికీ పోలేదు. ఇన్‌స్పెక్టరొస్తే టీ ఇచ్చి పంపేసేది. ఓ ఆదివారం మాత్రం చర్చి గుమ్మంలో అందరి ముందూ పాదిరిని నిలేసింది. "మీకందరికీ ముందే తెలుసు కదండీ?"

"మీకూ తెలిసే ఉంటుందనుకున్నామమ్మా. పక్కిల్లే కదా" అన్నాడు ఆయన నసుగుతూ.

"నాకా? నెస్టా ఇంట్లో నేనేదీ పరకాయించి చూడలేదండీ" అంది. "చూడక్కర్లేని ఇల్లు నాకు అదొక్కటే."

...ఇదుగో, కేకు ముక్క తీసుకో. మా కోడలు చేసింది, టీలో ముంచుకుని తిను, లేకపోతే పళ్ళూడతాయి.