నొక్కితే హెలికాప్టరొస్తాది

"నాను పడిపోనానని ఎవడు సెప్పినాడ్రా మీకు? నాను పడలేదు. నేలే నా మీదకి లెగిసినాది."

జోగయ్య ఇలా మొదలుపెట్టాడంటే అప్పలసూరి తన టీ కొట్లో స్టవ్వు మీద ఇంకో గిన్నెడు పాలు పెట్టేస్తాడు. కథ ఒక్క టీతో తెమిలేది కాదని అతనికి తెలుసు. సముద్రం మీద ఎన్ని వలలు లాగాడో గానీ, ఒడ్డున అంతకు పదింతలు కోతలు కోసినవాడు జోగయ్య. హుద్‌హుద్ తుఫానుకి కొట్టుకుపోతున్న తెప్పని మొలతాడుతో కట్టి ఆపానని చెప్పే మనిషి. రెండు నెలల కిందట పెరట్లో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. ఏమిటో గానీ, ఈ కొట్టు దాటి ఒక్క అడుగు ముందుకు వెయ్యడం లేదు. పడవలొచ్చాయి, ఒడ్డుకి పోదాం రమ్మన్నా రావడం లేదు.

ఆ రోజు బల్ల మీద ఒక కొత్త మనిషి కూర్చున్నాడు. టౌన్లో ఎలక్ట్రికల్ కొట్టు నడిపే ఉమాశంకర్. పేటలో ఎవరింటికో మోటారు బిగించి, టీ కోసం ఆగాడు. పోయిన నెల ఇంట్లో వాళ్ళమ్మ స్నానాల గదిలో జారిపడి, అతను కొట్టు కట్టేసి ఇంటికెళ్ళేదాకా ఆ తడినేల మీదే ఉండిపోయింది. అప్పట్నించి మనిషి కొట్లో ఉన్నా మనసు ఇంటి దగ్గరే ఉంటోంది. జోగయ్య మెడలో నల్లతాడుకి వేలాడుతున్న ఎర్రగుడ్డ మూటని చూసి అడిగాడు.

"పడిపోతే నొక్కే బటను అదేనట కదా జోగయ్య గారూ? మా అమ్మకొకటి కొనాలి. ఎంత పడింది?"

"ఐదేలు. రేటు తరవాత బాబూ, ముందు ఇది ఏటి సేస్తాదో ఇను. ఆ రోజు పొద్దున్న నాను తొట్టి కాడ మొకం కడుక్కుంటన్నాను. అక్కడ సేపల పొలుసు పడున్నాది. మామూలోడైతే జారతాడు. నాది తెప్ప మీద నిలబడ్డ కాలు, జారక ముందే దానికి తెలిసిపోనాది. సరే, గాల్లో మూడు పల్టీలు కొట్టి తిన్నగా పీట మీద కూకుండిపోదామనుకున్నాను. రెండు కొట్టినాను. మూడోదానికి తొట్టి అడ్డొచ్చినాది. పాపం, ఇరిగిపోనాది."

"ఇరిగింది నీ కాలు గదా మావా?" అన్నాడు మేనల్లుడు లక్ష్ముడు.

"ముందు తొట్టి ఇరిగినాది. దాని మీద జాలితో కాలు ఇరిగినాది. మద్దిలో మాటాడకు. అప్పుడు నాను ఏటి సేసినాను? ఈ బటను నొక్కినాను. ఒక్కసారే. నొక్కీసరికి కబురు సీదా శ్రీహరికోట ఎలిపోనాది. అక్కడ్నించి పైనున్న శాటిలైటుకి. అది నా పేరున ఉన్నాది."

"నీ పేరునా?"

"మరి ఇరవై ఐదేలు కట్టినాను, ఊరికే తిప్పుతారేటి?"

"ఇందాక ఐదు వేలన్నారు కదండీ," అన్నాడు ఉమాశంకర్.

"ఐదేలు తాడుకి బాబూ. బటనుకి ఇరవై ఐదేలు."

ఉమాశంకర్ తలూపాడు. అతనికిది కోతలా అనిపించలేదు. ఇలాంటివి అమ్మే కంపెనీవాడు ఫోన్లో అచ్చం ఇలాగే చెప్పాడు. మిషను ధర వేరు, బిగింపు వేరు, నెలనెలా కట్టేది వేరు.

"శాటిలైటులోంచి ఒక ఆడకూతురు మాటాడినాది. ఇంగిలీసు కాదు, మన మాటే. 'జోగయ్య బాబూ, ఏటైనాది, ఎక్కడ తగిలినాది?' అని అడిగినాది. 'నాకేటి అవనేదు తల్లీ, నువ్వు తిన్నావా?' అన్నాను. అంతే, ఆ పిల్ల గొల్లుమని ఏడిసీసినాది. దేశంలో ఇంతమంది పడతారు గానీ తిన్నావా అని నన్నడిగినోడు నువ్వొక్కడివే బాబూ అని. ఆ తరవాత ఏటైనాదో తెలుసా?"

"ఆటో వచ్చినాది," అంది అసిరమ్మ. చేపల గంప పక్కన దింపుకుని టీ ఊదుకుంటోంది.

"ఆటో ఏటే! శాటిలైటు పిలిస్తే ఆటో వస్తాదేటి? రెండు అంబులెన్సులు వచ్చినాయి. ఒకటి సిక్కోలుది, ఒకటి ఇజీనారందీ. మా జిల్లా మనిషంటే మా జిల్లా మనిషని డ్రైవర్లిద్దరూ జుట్లు పట్టుకున్నారు. ఇజీనారపోడు ఎంతకీ ఒగ్గడు, 'ఈయన అమ్మమ్మది గరివిడి, మాకే సెందుతాడు' అంటాడు. ఇరిగిన కాలేసుకుని ఆళ్ళ తగువు నానే తీర్సినాను. మీరిద్దరూ ఒద్దు, నేవీవోళ్ళని పిలుస్తానని రెండోసారి నొక్కినాను. రెండోసారి నొక్కితే ఇశాపట్నం ఎల్తాది కబురు. రెండో నొక్కుకి డెబ్బై ఏలు."

"డెబ్బయ్యే!" అన్నాడు ఉమాశంకర్. గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది.

"మరి హెలికాప్టరు బాబూ! మా పెరట్లోనే దిగినాది. దాని రెక్క గాలికి పాక మీద తాటాకు ఎగిరిపోనాది. అదెంత! ఈ అసిరి ఇసకలో ఆరబెట్టిన ఎండు నెత్తళ్ళున్నాయి సూడు, మొత్తానికి మొత్తం లెగిసిపోనాయి. ఎక్కడ పడినాయో తెలుసా? నెల్లిమర్లలో! జనపనార మిల్లు కాడ జనం షిఫ్టు దిగి బయటికొస్తన్నారు. ఆళ్ళ నెత్తిన నెత్తళ్ళ వాన! కేరేజీలు మూతలు తీసి పట్టుకున్నారు. ఆ మిల్లు గోనెసంచులు ఇప్పటికీ నీసు వాసనొస్తాయి, ఎందుకొస్తన్నాయో మేనేజరుకే తెలీదు."

"నా నెత్తళ్ళకి డబ్బులెవరిస్తారు అన్నా?"

"పుణ్యం నీ ఖాతాలో ఏసీమన్నాను, ఊరుకో. ఆ పైలెట్టు కుర్రోడిది పంజాబు. మన దిక్కు దారి తెలీదు. కిందకి సూసి ఒణుకుతన్నాడు. 'ఒరే, వంశధార కనిపిస్తంది గదా, గట్టు పట్టుకుని పో' అన్నాను. శ్రీముఖలింగం మీదికొచ్చినాక, ఆపరా, సామికి దండం పెట్టుకోవాలన్నాను. గాల్లో ఆపడానికి బ్రేకు నేదంటాడు. తెప్పకి మాత్రం బ్రేకుందేటి? ఎంటనే మొలతాడు తెంపి మబ్బుకి కట్టీసినాను. పిట్టలాగ నిలబడిపోనాది."

"ఆ మొలతాడు ఇంకా ఉన్నాదా మావా?" అన్నాడు లక్ష్ముడు.

"తుఫానప్పటిదే. గట్టిది. ఇంక ఆసుపత్రిలో ఏటైనాదో తెలుసా? ఎక్స్‌రే తీస్తే మిషను కాలిపోనాది. ఈ ఎముక్కి మా కరెంటు సాలదు, గరివిడి ఫేక్టరీ నుంచి లైను లాగాలన్నాడు డాక్టరు. అప్పుడొచ్చినాడు బటను కంపెనీ యజమాని. నా మంచం కాడ కూకుండి, 'జోగయ్య గారూ, మా బటను వల్ల మీరు బతికినారా, మీ వల్ల మా బటను బతికినాదా' అని కళ్ళనీళ్ళెట్టుకున్నాడు. తాడూ, బటనూ, నొక్కుడూ, శాటిలైటు అద్దే, అన్నీ కలిపి లచ్చా పదారేలు. పోతే పోనాయి. పేనం కన్నా ఎక్కువేటి?"

కొట్లో నవ్వు మొదలైంది గానీ ఉమాశంకర్ ముఖం చూసి ఆగిపోయింది. అతను గ్లాసు కింద పెట్టి సెల్‌ఫోను తీశాడు.

"నిజమేనండీ, ప్రాణం కన్నా ఎక్కువ కాదు. కొట్టు మీద అప్పు తీసుకుంటాను. ఆ కంపెనీ పేరు చెప్పండి, ఇప్పుడే మాట్లాడేస్తాను. ఇవాళైనా నాకు నిద్ర పడుతుంది."

జోగయ్య కర్రని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. అతని కోతలు విని నవ్వినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. నమ్మి అప్పుకి బయల్దేరినవాడు ఇంతవరకూ లేడు.

"ఇప్పుడే ఎందుకు బాబూ... టీ సల్లారిపోతంది, తాగు ముందు," అన్నాడు చివరికి.

"ఆగు సావుకారూ," అన్నాడు లక్ష్ముడు. "అంత డబ్బు పెట్టేటప్పుడు పనిసేస్తాదో నేదో సూసుకోవా?" అని చెయ్యి చాపి ఎర్రగుడ్డ మూటని గట్టిగా నొక్కేశాడు.

"ఒరేయ్, ఒద్దురా!" అన్నాడు జోగయ్య.

అందరూ తలలెత్తి ఆకాశం కేసి చూశారు. అసిరమ్మ గంప మీద గోనెపట్టా కప్పింది, నెత్తళ్ళు ఎగిరిపోతాయని. పైన ఒక గద్ద తప్ప ఏమీ లేదు. కొట్టుకి ఎదురు సందులో రెండో ఇంట్లోంచి మాత్రం పిచ్చుకలు కూసినట్టు గంట మోగింది. వెంటనే ఆ ఇంట్లోంచి ఒకావిడ, చేతులకి చేప పొలుసు, కొప్పు ఊడిపోయి, కాళ్ళకి చెప్పులు లేకుండా, రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! మళ్ళీ పడిపోనాడా? ఎక్కడ్రా? తల తగిలినాదా?"

"అదిగో బాబూ," అన్నాడు అప్పలసూరి టీ వడగడుతూ. "హెలికాప్టరొచ్చినాది."

ఆవిడ గున్నమ్మ, జోగయ్య వదిన, చనిపోయిన అన్న భార్య. రెండిళ్ళ మధ్య గోడ దగ్గర వచ్చిన తగువుతో ఏడేళ్ళు మరిదితో మాటలు మానేసిన మనిషి. జోగయ్య నిక్షేపంగా బల్ల మీద కూర్చుని ఉండడం చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. తర్వాత ఉమాశంకర్‌ని చూసింది.

"నువ్వు కరెంటు సామాన్ల కొట్టు సావుకారువి గదా? నీ కొట్లోనే కొన్నాను నాయనా. కాలింగు బెల్లు. ఈడు ఆసుపత్రి నుంచొచ్చినాక బటను ఈడి మెడలో కట్టినాను, గంట నా వంటగదిలో పెట్టుకున్నాను. మూడొందల ఎనభై. ఇరవై తగ్గించమంటే నువ్వు తగ్గించనేదు."

ఉమాశంకర్ ఎర్రగుడ్డ విప్పాడు. తెల్ల బటను, దాని మీద తన కొట్టు చీటీ ఇంకా అంటుకునే ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది అతని పని. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నెల రోజుల బరువు దిగిపోయినట్టయింది.

"మరి ఆ రోజు మెడలో ఏమీ లేదా?"

"ఏటీ నేదు, సేతిలో ఫోను తప్ప," అన్నాడు లక్ష్ముడు, తల దించుకుని. "నాకు సేసినాడు. పడిపోనాన్రా, కాలు లెగట్లేదు అన్నాడు. ఏ సముద్రంలో పడినావు మావా అని నవ్వి పెట్టీసినాను."

అప్పలసూరి, "నాకూ సేసినాడు," అన్నాడు స్టవ్వు వైపు తిరిగి.

"నాకు ఫోను సెయ్యనేదు," అంది గున్నమ్మ. "గోడవతల్నించి 'వదినా' అని పిలిసినాడు. ఏడేళ్ళు పిలవనోడు పిలిసినాడంటే పేనం మీదికొచ్చిందనే గదా? గోడ దూకీసినాను. ఎలా దూకినానో నాకే తెలీదు. ఇప్పుడు దూకమంటే నా వల్ల కాదు. ఆటో పిలిసి ఆసుపత్రికి ఎత్తుకుపోనాను."

జోగయ్య కర్ర వంక చూసుకుంటూ అన్నాడు.

"బయమేసినాది బాబూ. నిజంగానే బయమేసినాది. ఇన్నాళ్ళూ ఇంత వాగినాను, ఆ పూట నా మాట నాకే పనికిరానేదు."

"అందుకే మాటలు రాని గంట తెచ్చినాను," అంది గున్నమ్మ. "ఈ కొట్టు దాటితే మోగదు. దాటొద్దని సెప్పినాను, దాటట్లేదు. పుట్టాక ఈడు ఇన్న మాట అదొక్కటే. నాయనా, బటను మీ అమ్మ మెడలో కడతావు సరే, గంట ఎవరింట్లో పెడతావు? అది సూసుకో ముందు."

"పక్కింట్లో సింధు గారు రోజంతా ఇంటిపట్టునే ఉంటారు. ఇవాళే అడుగుతాను," అని లేచాడు ఉమాశంకర్.

గున్నమ్మ జోగయ్య రెక్క పట్టుకుని లేపింది. కూర పొయ్యి మీద మాడిపోతోందని తిడుతోంది. సందు మలుపులో జోగయ్య వెనక్కి తిరిగాడు.

"సూసినావా బాబూ, నేవీవోళ్ళయినా ఇంత బేగి రానేరు!"

"ఇంక నుంచి నువ్వు ఫోను సేస్తే పరిగెత్తుకొస్తాను మావా!" అని అరిచాడు లక్ష్ముడు.

"ఒద్దురా," అంది గున్నమ్మ వెనక్కి తిరక్కుండానే. "ఈడి నోరు మోగితే రాకండి. గంట మోగితే రండి."