వంద డిగ్రీల అల్లుడు

ఇంట్లో ఆవిరిగది పొయ్యి వేడిని నడిపే కంప్యూటర్ సర్వర్‌ను పెట్టింది మారికా. దాని మీద ఆమెకీ, మొగుడు ఉర్మాస్‌కీ వాదన ఇంకా తెగలేదు. వరండాలో ఆమె తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని, ఆవిరిగది మళ్లీ చల్లబడిందని సణుగుతున్నాడు.

“ఎవరేం అడిగారో, సర్వర్ ఏం బదులిచ్చిందో మొత్తం దాని లాగ్ చిట్టాలో నమోదయ్యేలా చేస్తానంటే నీకేం నొప్పి, ఉర్మాస్?”

“ఇంట్లోవాళ్ల మీద నిఘా ఏంటే?”

“నాన్న వంద డిగ్రీలు పెడుతుంటే ఎవరో ఎనభైకి దించుతున్నారు. దొంగ దొరకొద్దూ?”

“సర్వరే పాడైందేమో.”

“నిక్షేపంలా ఉంది. లాగ్ నిన్ననే పెట్టేశాన్లే. ‘ఎనభైకి దించు’ అని నీ ఫోన్ అడిగింది, ‘సరే’ అని అదంది.”

ఉర్మాస్ చెవులు ఎర్రబడ్డాయి.

“మీ నాన్నకి చెప్పకే. వంద తట్టుకోలేనివాడు అల్లుడేంటంటాడు.”

ఆమె నవ్వాపుకుని వరండా తలుపు తీసింది.

“నాన్నా, ఓ మాట. ఇకమీదట ఎనభయ్యే. వంద డిగ్రీల వేడి నాకు పడటం లేదు.”